బాలానగర్‌లో బోర్డు లేని లేత్ షాపు: ఐదుకి నాలుగు

ఈ షాపుకి పేరు లేదు. ఉంటే మొదటి లైన్లోనే రాసేవాణ్ని. ఫతేనగర్ వైపు నుంచి బాలానగర్‌లోకి వస్తుంటే రేకుల పని చేసే షాపులు వరుసగా ఉండే సందులు తగులుతాయి. వాటిల్లో ఒకదాంట్లో, రంగు సగం ఊడిన పసుపు షట్టరు. దాని మీద 'బండ్లు పెట్టరాదు' అని రాసి ఉంటుంది, దాని ముందే నాలుగు బండ్లు పెట్టి ఉంటాయి. లోపల రెండు లేత్‌లు, ఒక పిల్లర్ డ్రిల్లు, రేకు కత్తిరించే షేరింగ్ మెషిను, చేత్తో లాగే బెండింగ్ మెషిను. ఓనర్ని అందరూ ఉస్తాద్ అంటారు. ఏడాదిన్నరగా నా విమానం ముక్కలు చేయిస్తున్నది ఇక్కడే.

విమానం అనగానే నవ్వొస్తే నవ్వుకోండి. సైనిక్‌పురిలో మా వీధి వీధంతా ఎప్పుడో నవ్వేసింది. నేను ఆర్టీసీలో 33 ఏళ్లు బస్సుల కింద పడుకుని పనిచేసి రిటైరైనవాణ్ని. హకీంపేట నుంచి లేచిన కిరణ్ విమానాలు మా ఇంటి మీదుగా పోతుంటే తలెత్తి చూడటమే తప్ప, ఎగిరేవాటితో నాకు ఏ సంబంధమూ లేదు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి అమెరికా నుంచి ఒక అల్ట్రాలైట్ ప్లాన్లు తెప్పించుకున్నాను. ఒకటే సీటు. అల్యూమినియం గొట్టాలు బోల్టులతో బిగించే రకం, రెక్కల మీద పాలిస్టర్ గుడ్డ. అక్కడి రూలు ప్రకారం ఆ తరగతి విమానం ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు ఉండాలి, అంటే 115 కిలోలు. మా బావగారి బుల్లెట్ బండి అంతకంటే చాలా బరువు. అలాంటి విమానం ఎగరేయడానికి అమెరికాలో పైలట్ లైసెన్సు కూడా అడగరు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. విమానాల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ దగ్గర నమోదు చేయించి, అనుమతి తెచ్చుకుని, ఆ తర్వాతే గాలిలోకి. ముంబయిలో అమోల్ యాదవ్ గారు కాందివలీలో మేడ మీద విమానం కట్టి, ఏళ్ల తరబడి తిరిగితే 2017లో రిజిస్ట్రేషన్ వచ్చింది. ఆయన స్వయంగా పైలట్. నేనెంత? కాబట్టి "ఎప్పుడు ఎగురుతున్నారు అంకుల్" అని మాత్రం అడగొద్దు. ప్రస్తుతానికి నా దగ్గర ఉన్నది తోక, మధ్య బాడీ, సగం రెక్క. ఇంజిన్ ఇంకా కొనలేదు. మేడ మీద వడియాలు ఎండబెట్టుకునే జాగా పోయిందని మా ఆవిడ గొడవ. అందులో న్యాయం ఉంది.

ఇక షాపు సంగతి. ఇక్కడికి రాకముందు రెండు చోట్ల దెబ్బ తిన్నాను, అవి చెప్తే గానీ ఈ షాపుకి నాలుగు ఎందుకిచ్చానో అర్థం కాదు.

మొదటిది గొట్టాల దగ్గర. ప్లాన్‌లో 6061-టీ6 అనే అల్యూమినియం రకం కావాలని స్పష్టంగా ఉంది. సికింద్రాబాద్‌లో ఒక అల్యూమినియం డీలరు, పేరు వద్దులెండి, "అదే సార్, సేమ్ మాల్" అని నలభై అడుగులు అంటగట్టాడు. బిల్లు మీద 'అల్యూమినియం పైపు' అని మాత్రమే రాశాడు. ఇంటికి తెచ్చి కోస్తుంటే రంపం మరీ సులువుగా దిగిపోతోంది. అనుమానం వచ్చి, కిటికీలు చేసే తెలిసినబ్బాయి దగ్గరికి ఒక ముక్క పట్టుకెళ్లాను. వాళ్ల దగ్గర వెబ్‌స్టర్ గేజ్ అని, పట్టకారులా నొక్కి లోహం గట్టితనం చూసే పరికరం ఉంటుంది. రెండు చోట్ల నొక్కి చూసి, "ఇది మా కిటికీల మాలే అన్నా" అన్నాడు. అంటే 6063. పాత షాపుల లెక్కలో హెచ్‌ఈ9. నాకు కావాల్సిన 6061 ఆ లెక్కలో హెచ్‌ఈ20. చూడ్డానికి రెండూ ఒకటే, తూకంలోనూ తేడా తెలియదు, బలంలో మాత్రం కిటికీ మాలు బాగా తక్కువ. ఆ నలభై అడుగులు ఇప్పుడు మా పెరట్లో కాకర పందిరి. కాయలు బాగానే కాస్తున్నాయి. అప్పట్నుంచి మిల్లు సర్టిఫికెట్, అంటే ఇది ఫలానా రకం లోహమని తయారుచేసినవాళ్లు ఇచ్చే కాగితం, లేని మాలు ముట్టుకోలేదు.

రెండోది ఒక పెద్ద వర్క్‌షాపు. కంప్యూటర్ మెషిన్లు, ఏసీ ఆఫీసు, కూర్చోగానే మంచినీళ్లు. ఏ కాగితం చూపించినా "అయిపోతుంది సార్" అనేవాళ్లు. ఒక ప్లేటు మందం ప్లాన్‌లో అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3.175 మిల్లీమీటర్లు. "మా దగ్గర 3 ఉంది సార్, ఆ కాస్తకీ ఏమవుతుంది?" అన్నాడు కుర్ర మేనేజరు. బస్సు పనైతే నేనూ అదే అనేవాణ్నేమో. బస్సు ఆగిపోతే రోడ్డు పక్కకి తీస్తాం, కండక్టరు జనాన్ని వెనకొచ్చే బస్సు ఎక్కిస్తాడు. పైన ఆ సదుపాయం లేదు. ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఉస్తాద్ దగ్గరికి పంపింది డిపోలో నా దగ్గర పనిచేసిన హెల్పరు. మొదటిరోజు ఒక బుష్ (బోల్టు దూరే చిన్న లోహపు గొట్టం) డ్రాయింగు తీసుకెళ్లాను. కళ్లద్దాలు పైకి నెట్టి చూసి, "గిది దేనికి సార్?" అన్నాడు. విమానం అంటే నవ్వుతాడు, లేదా రేటు డబుల్ చేస్తాడు. అందుకని "ఏదో చిన్న ప్రాజెక్టు" అన్నాను. కాగితం నా చేతిలో పెట్టేశాడు.

"దేనికో చెప్పకుంటె నేన్ జెయ్య. తిరిగేదా, గుంజేదా, ఊకె నిలవడేదా, తెల్వాలె గద."

చెప్పాను. నవ్వలేదు. "మనిషి కూసుంటడా?" అన్నాడు. నేనే కూర్చుంటానన్నాను. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "ఎన్ని కిలోలున్నరు సార్ మీరు?" అని అడిగాడు. డెబ్బై ఎనిమిది. అప్పుడు స్టూలు జరిపి, టీ చెప్పాడు.

ఆ స్టూలు మీద కూర్చునే లెక్క వివరించాను. విమానం 115, నేను 78, పెట్రోలు ఒక 14, మొత్తం మీద 210 అనుకుందాం. గాలి కుదుపుల్లో రెక్కల మీద దీనికి నాలుగు రెట్ల బరువు పడ్డా వంగకూడదు. ఆపైన ఒకటిన్నర రెట్లు వెసులుబాటు పెట్టి లెక్కగడతారు, అంటే ఆరు రెట్లు, 1,260 కిలోలు. ఉస్తాద్ కాసేపు సీలింగ్ వైపు చూసి, "అంటె ఆరు బుల్లెట్ బండ్లు ఏలాడదీసినట్టు" అన్నాడు. అదంతా ఒక్క ఫిట్టింగ్ (భాగాల్ని కలిపే లోహపు ముక్క) మీద పడదు, రెండు రెక్కలూ, వాటిని కింది నుంచి బాడీకి కలిపే స్ట్రట్లూ పంచుకుంటాయి అని చెప్పబోయాను గానీ, ఆయన బుర్రలో ఆరు బుల్లెట్లు అప్పటికే ఎక్కేశాయి. ఇప్పటికీ నా పని ఏది వచ్చినా కుర్రాళ్లతో "బుల్లెట్ల సార్ మాల్, చూస్కొని జెయ్యిండ్రి" అంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. స్ట్రట్ వచ్చి బాడీకి తగిలేచోట స్టీలు ఫిట్టింగులు వస్తాయి. వీటికి 4130 అనే క్రోమోలీ స్టీలు షీటు వాడతారు, సుమారు 2.3 మిల్లీమీటర్ల మందం. బయటి దేశం నుంచి తెప్పించిన షీటు, కస్టమ్స్‌తో కలిపి దాని ధరెంతో చెప్పను, మా ఆవిడ ఇది చదివే ప్రమాదం ఉంది. అందుకే ఒక్క ముక్క కూడా వృథా కాకూడదని రాత్రంతా కూర్చుని అట్టముక్కలతో టెంప్లేట్లు కోసి, నాలుగు నిలువుగా, నాలుగు అడ్డంగా సర్ది, ఒకే షీట్లో ఎనిమిది ఫిట్టింగులూ పట్టేలా మార్కర్‌తో గీశాను. గర్వంగా తీసుకెళ్లి ఇచ్చొచ్చాను.

ఆ సాయంత్రం ఏడింటికి ఫోన్. "సార్, రేపొద్దుగాల రాండ్రి. నేన్ కోస్తలేను."

నాకు చిర్రెత్తింది. సైనిక్‌పురి నుంచి బోయిన్‌పల్లి ట్రాఫిక్‌లో పడి రోజూ బాలానగర్ రావడం అరవై దాటినవాడికి ఆట కాదు. పొద్దున్నే వెళ్లాను, తిట్టడానికి సిద్ధపడి. ఉస్తాద్ షీటుని షట్టరు బయటికి తెచ్చి ఎండలో ఏటవాలుగా పట్టుకున్నాడు. సన్నటి గీతలు, వెంట్రుకల్లాంటివి, అన్నీ ఒకే దిక్కుకి. మిల్లులో రోలర్ల మధ్య షీటు సాగిన దిక్కు అది.

"మాల్ గిట్ల నడిచింది. వంపు దీనికి అడ్డం రావాలె. మీరు నాల్గు ముక్కలకు గీతలెంబడే వంపు వెట్టిన్రు. ఇయ్యాల పగలకపోవచ్చు సార్. ఇయ్యాల."

నేను నమ్మలేదు, లేదా నమ్మడం ఇష్టం లేకపోయింది. అప్పుడాయన షీటు అంచున మిగిలే పట్టీలోంచి రెండు చిన్న ముక్కలు కోశాడు. ఒకటి గీతలకి అడ్డంగా వంచాడు, ఒకటి గీతల వెంబడి. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఇక్కడ నా ఆర్టీసీ చదువు పనికొచ్చింది. మేం యాక్సిళ్లకు చేసే పరీక్ష ఒకటుంది, రైల్వేవాళ్లదీ ఇదే పాత పద్ధతి: కిరోసిన్ రాసి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, సుద్ద పొడి పూస్తే, పగులు ఉన్నచోట లోపల దాక్కున్న కిరోసిన్ మళ్లీ పైకి ఊరి సుద్ద మీద గీత పడుతుంది. టీ కొట్టు పక్క కిరాణాలో సుద్దముక్కలు దొరికాయి. కిరోసిన్ షాపులోనే ఉంది. అడ్డంగా వంచిన ముక్క తెల్లగా అలాగే ఉండిపోయింది. గీతల వెంబడి వంచినదాని మీద, వంపు బయటి అంచున, గోరంత పొడవున ఒక తడి గీత తేలింది.

చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కుర్రాడు మాత్రం "అరే, మస్తుంది గద ఈ టెక్నిక్" అన్నాడు.

అదే షీట్లో అన్నీ సరైన దిక్కున పెడితే ఆరే వచ్చాయి. మిగతా రెండింటి కోసం ఇంకో షీటు, ఇంకో రెండు నెలలు. ఇంటికెళ్లి ప్లాన్ తిరగేస్తే, ఆ ఫిట్టింగ్ ఉన్న పేజీ మూలలో ఒక చిన్న బాణం, పక్కన 'గ్రెయిన్' (షీటు సాగిన దిక్కు) అన్న మాట. అది నేను పదిసార్లు చూసిన పేజీ. డ్రాయింగు చదవడం రాని మనిషి పట్టుకున్న తప్పు, డ్రాయింగు చదవడమే ఉద్యోగంగా బతికిన నేను వదిలేశాను. బాణం కూడా చూశాను, ఏదో కొలత బాణం అనుకున్నాను.

ఆ ఆరింట్లో కూడా ఒకటి పోయింది. బెండింగ్ మెషిను దవడ కాస్త జారి వంపు దగ్గర గంటు పడింది. లోతు పెద్దగా లేదు. ఎమెరీ పెట్టి రుద్దితే పోయేలా ఉంది, నేనైతే మనసులో రుద్దేశాను కూడా. నేను వెళ్లేసరికి ఉస్తాద్ దాన్ని షేరింగ్ మెషిన్లో పెట్టి రెండు ముక్కలు చేసి, ఎర్ర పెయింట్ పూసి పక్కన పెట్టాడు. ఎందుకు కోశావయ్యా, నన్ను అడగాల్సింది కదా అన్నాను.

"ఉంటె వాడ్తరు సార్. ఇంకెవరో కాదు, మీరే వాడ్తరు. పైసలు వెట్టిన్రు గద."

ఆ ముక్కకి మజూరీ తీసుకోలేదు. విమానయాన రంగంలో పనికిరాదని తేల్చిన భాగం మళ్లీ ఎవరి చేతిలోనూ పడకుండా కోసి పాడుచెయ్యడం ఒక పద్ధతి అని తర్వాత చదివాను. ఉస్తాద్ ఆ పుస్తకాలేవీ చదవలేదు, నా ముఖం చదివాడు అంతే.

బుష్‌ల పని గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇలాంటి పనికి దిగేవాళ్లు అందరూ తడబడేది ఇక్కడే. ప్లాన్‌లో బోల్టులు ఎక్కువగా అంగుళంలో పదహారింట మూడు వంతులు, అంటే 4.76 మిల్లీమీటర్లు. మన దగ్గర దొరికేది 5 డ్రిల్లు బిట్టు. 5తో కొట్టేస్తే పావు మిల్లీమీటరు వదులు, ఇంజిన్ వణుకుకి ఆ వదులు నెలనెలా పెరుగుతుంది. పైగా డ్రిల్లుతో పడ్డ కన్నం అచ్చంగా గుండ్రంగా ఉండదు. ఉస్తాద్ కాస్త చిన్న బిట్టుతో కొట్టి, తర్వాత రీమర్ (కన్నాన్ని లోపల సన్నగా గీకి గుండ్రంగా చేసే పనిముట్టు) పెట్టి సైజుకి తెస్తాడు. రీమర్ మాత్రం మీరే కొనివ్వాలి. బోల్టు బొటనవేలితో నొక్కితే దిగాలి, షీటు తిరగేస్తే రాలిపడకూడదు. ఆయన గేజ్ అదే, ఇప్పటిదాకా తప్పలేదు. కన్నం మధ్య నుంచి ప్లేటు అంచుకి కనీసం బోల్టు వ్యాసానికి రెండింతలు దూరం ఉండాలన్న సూత్రం ఒకసారి చెప్పాను, ఇప్పుడు కుర్రాళ్లకి ఆయనే పాఠం చెప్తున్నాడు.

బోల్టులు ఈ షాపులో అడగొద్దు, రాణీగంజ్‌లో కూడా తొందరపడొద్దు. రాణీగంజ్‌లో దొరకని బోల్టు లేదంటారు, నిజమే, కానీ ఎం5లో, అంటే 5 మిల్లీమీటర్ల సైజులో, చేతికిచ్చేది ఎక్కువగా తల దాకా మరలున్న రకం. బలం సంగతి కాదు. తల మీద 8.8 అనే బలం గుర్తున్న మంచి బోల్టుకీ విమానాల ఏఎన్ బోల్టుకీ బలంలో తేడా పది శాతం కూడా ఉండదు. తేడా ఎక్కడంటే, ఏఎన్ బోల్టుకి ప్లేట్ల మందం మేరకు నున్నటి కాడ ఉంటుంది. మరలు కన్నంలోకి వస్తే, వణికినప్పుడల్లా అవి అల్యూమినియాన్ని ఆకురాయిలా తింటాయి. అంగుళాల సైజు కూడా కలవదు. నేను బోల్టులు బయటి నుంచే తెప్పించుకుంటున్నాను, ఒక్కో బోల్టు ఒక బిర్యానీ అనుకుని కళ్లు మూసుకుని.

ఇక తిట్లు. ఒక నంబరు ఎందుకు తగ్గించానో చెప్పాలి కదా.

తేదీలు. ఉస్తాద్ మంగళవారం అంటే శుక్రవారం. "రేపు" అంటే వచ్చేవారం. "అయిపోయింది సార్, వచ్చేయిండ్రి" అంటే మీరు వచ్చాక మొదలుపెడతాడు. దసరా అప్పుడైతే వారం రోజులు మెషిన్లు ముట్టలేదు. ఆయుధపూజకి లేత్‌లతో పాటు నా ఫిట్టింగులకీ పసుపూ కుంకుమా పెట్టాడు. అవి ప్రైమర్ కొట్టడానికి శుభ్రం చేసి ఇచ్చిన ముక్కలు. మళ్లీ థిన్నర్‌తో తుడుచుకున్నాను, దండం పెట్టుకునే తుడిచాను.

అంచులు. కోసిన అంచుని కోసినట్టే ఇస్తారు, చెయ్యి తెగుతుంది. అంచులో మిగిలిన చిన్న గరుకు నుంచే పగులు మొదలవుతుంది కాబట్టి ప్రతి ముక్కా ఇంటికి తెచ్చి ఆకురాయి, ఆపైన ఎమెరీ పెట్టి నేనే నున్నగా చేసుకోవాలి. ఎన్నిసార్లు చెప్పినా మారలేదు.

గీతలు. షాపు కుర్రాళ్లకి మొన ఉన్న ఇనుప పుల్లతో గీసి గుర్తు పెట్టుకోవడం అలవాటు. అల్యూమినియం ప్లేటు మీద అలా గీస్తే ఆ గీతే రేపటి పగులు. పెన్సిలూ వద్దు, అందులోని గ్రాఫైట్ వల్ల అల్యూమినియం తుప్పు పట్టే అవకాశం ఉంది. అరడజను మార్కర్లు కొని షాపులో పెట్టాను. రెండు వారాల్లో ఆరూ మాయం, వాటితో ఉస్తాద్ మనవడు బొమ్మలు గీస్తున్నాడు. బొమ్మల్లో విమానం ఉంది కాబట్టి ఏమీ అనలేదు.

బిల్లు ఉండదు, చీటీ ఉంటుంది. కానీ చీటీ మీద తేదీ, ఎన్ని ముక్కలు, ఏ షీటు అన్నీ రాసిస్తాడు. నేను ప్రతి పనికీ ఫోటో తీసి లాగ్‌బుక్‌లో అతికిస్తాను, ఆ చీటీలూ అందులోనే. రేపు ఏ అధికారి ముందైనా ఆ పుస్తకం పెట్టాల్సిందే. కాగితం నూనె మరకలతో ఉంటుంది, ఏం చేస్తాం.

వెల్డింగ్ ఇక్కడ అడగొద్దు, ఆయనే చెయ్యనంటాడు. అల్యూమినియం గొట్టాలకి అసలు ఎక్కడా చేయించొద్దు. టీ6 అంటే వేడితో తెచ్చిన గట్టితనం, వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ అదంతా పోతుంది. ఈ రకం విమానం బోల్టులతో బిగించేది అందుకే.

రేట్లు: నాకు బుష్ ఒకటికి 70 రూపాయలు, ఫిట్టింగ్ మజూరీ 350 పడింది, మాలు మనదే. ఏసీ ఆఫీసువాళ్లు చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాదు. వంద ముక్కలు ఒకేలా కావాలంటే, డ్రోన్ ఫ్రేములు కావాలంటే, వాళ్ల దగ్గరికే వెళ్లండి, కంప్యూటర్ మెషిన్లున్నది అందుకే. నాలుగైదు ముక్కలు, ఒక్కోటీ ఒక్కోరకం, తప్పైతే ప్రాణం మీదికొచ్చేవి అయితే ఇక్కడికి రండి.

వెళ్లేవాళ్లు డ్రాయింగ్ మిల్లీమీటర్లలో మార్చి తీసుకెళ్లండి, కుర్రాళ్లకి అంగుళాలంటే సూత్‌లే (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు), సూత్ కంటే సన్నని లెక్క నోటితో చెప్తే నిలబడదు. అట్ట టెంప్లేటు ఇస్తే ఇంకా మంచిది. పదకొండు లోపు వెళ్తే ఉస్తాద్ స్వయంగా ఉంటాడు. దేనికోసమో దాచకండి. బండి కాస్త దూరంగా పెట్టుకోండి.

రెండో రెక్క కోసం పన్నెండు బుష్‌లు మొన్ననే ఇచ్చొచ్చాను. మంగళవారం రమ్మన్నాడు. శుక్రవారం వెళ్తాను.